మేలట్టూరు భాగవతమేళ నాటకాలు: నృసింహ జయంతి ప్రదర్శనల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తమిళనాడులో తంజావూరు సమీపాన ఉన్న మేలట్టూరు గ్రామంలో ఏటా నృసింహ జయంతినాడు మొదలై కొన్ని రాత్రుల పాటు తెలుగు నాటకాలు ప్రదర్శిస్తారు. వీటిని భాగవతమేళ నాటకాలంటారు. తెలుగు సాహిత్య చరిత్రలో వీటి ప్రస్తావన యక్షగాన వాఙ్మయంలో భాగంగా, ప్రధానంగా గ్రంథపాఠం దృష్ట్యా జరిగింది. ప్రదర్శనలుగా వీటి గుణదోషాల చర్చ అంతగా జరగలేదు. స్థలం, కాలం, ప్రేక్షకులు అనే మూడు అంశాలను నాటక నిర్మాణంలో భాగాలుగా గ్రహించి, మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన 'ప్రహ్లాద చరిత్రము'ను ముఖ్యాధారంగా తీసుకొని ఈ ప్రదర్శనలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు రాని ప్రేక్షకుల ముందు తెలుగు నాటకం నిలవడానికి కారణమేమిటి, ఆ నిలకడలో భాష పొందినదేమిటి, పోగొట్టుకొన్నదేమిటి అనే ప్రశ్నలు ఇందులో చర్చకు వస్తాయి.

కీలక పదాలు: భాగవతమేళం, మేలట్టూరు, వేంకటరామశాస్త్రి, ప్రహ్లాద చరిత్రము, యక్షగానం, దరువు, ప్రదర్శన విమర్శ.

1. ఉపోద్ఘాతం

నాటకం దృశ్యకావ్యమని అలంకారికులు చెప్పినా, తెలుగులో నాటక విమర్శ చాలావరకు శ్రవ్యకావ్య విమర్శ పద్ధతిలోనే సాగింది. ఇతివృత్తం, పాత్రపోషణ, రసం, ఛందస్సు, భాష అనే శీర్షికల కింద గ్రంథాన్ని పరిశీలించడం దాని అలవాటు. యక్షగానాల విషయంలో ఈ అలవాటు మరింత బలంగా కనిపిస్తుంది. ఎస్వీ జోగారావు 'ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర' వంటి బృహత్ప్రయత్నం ఆ వాఙ్మయ విస్తృతిని వెలికి తెచ్చింది. ఆ పునాది మీద ప్రదర్శన విమర్శ అంతే స్థాయిలో పెరగవలసి ఉంది.

మేలట్టూరు ఇందుకు తగిన ఉదాహరణ. అక్కడి నాటకాలు వ్రాతప్రతులకే పరిమితం కాలేదు. ఏటా ఒక నిర్ణీత కాలంలో, ఒక నిర్ణీత స్థలంలో ప్రదర్శితమవుతున్నాయి. నటులు వృత్తిరీత్యా నటులు కారు. ఉద్యోగాల కోసం వివిధ నగరాల్లో స్థిరపడిన కుటుంబాలవారు వైశాఖ మాసంలో గ్రామానికి తిరిగి వచ్చి వేషం కడతారు. ఒక చిన్న గ్రామ సమాజం తన సొంత బాధ్యతగా నిర్వహించే ఈ ప్రదర్శనల పరంపరను భక్తి కార్యంగా మాత్రమే చూస్తే విమర్శకు అందులో పని ఉండదు. నాటకంగా మాత్రమే చూస్తే దాని ఉనికికి కారణం అర్థం కాదు. ఈ రెండు దృష్టులనూ సమన్వయించే ప్రమాణం కావాలి.

2. గ్రామం, రచయిత, సంప్రదాయం

తంజావూరు నాయకరాజుల కాలంలో తెలుగు ఆ ప్రాంతంలో రాజాస్థాన భాష. అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్ళు, భూములు ఇచ్చి అగ్రహారం ఏర్పరచాడనీ, ఆయన పేరు మీద ఆ గ్రామం అచ్యుతపురమైందనీ, అదే నేటి మేలట్టూరనీ సంప్రదాయ కథనం. విజయరాఘవ నాయకుని ఆస్థానంలో యక్షగానం ఉన్నత స్థితిని పొందింది. ఆయన స్వయంగా రచించిన యక్షగానాలలో 'ప్రహ్లాద చరిత్ర' ఒకటి. 1673లో నాయకుల పాలన ముగిసిన తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును ఆదరించారు. శాహజీ (1684-1712) స్వయంగా తెలుగు యక్షగానాలు రచించాడు.

ఈ నేపథ్యంలోనే మేలట్టూరు వేంకటరామశాస్త్రిని చూడాలి. ఆయన త్యాగరాజు (1767-1847)కు సమకాలికుడు, వయసులో పెద్దవాడు. ప్రహ్లాద చరిత్రము, మార్కండేయ చరిత్రము, ఉషా పరిణయము, రుక్మాంగద చరిత్రము, హరిశ్చంద్ర నాటకము, సీతా కల్యాణము, రుక్మిణీ కల్యాణము, ధ్రువ చరిత్రము మొదలైనవి ఆయన నాటకాలు. కర్ణాటక సంగీత చరిత్రలో ప్రసిద్ధుడైన వీరభద్రయ్య కూడా ఈ గ్రామంవాడే. అంటే వేంకటరామశాస్త్రి రచన చేసేనాటికి గ్రామంలో గేయరచనకు, నాట్యానికి అనుకూలమైన వాతావరణం సిద్ధంగా ఉంది. ఆయన నాటకాలలో సంగీతానికి ఉన్న ప్రాధాన్యాన్ని ఈ వెలుగులో అర్థం చేసుకోవాలి.

1855లో తంజావూరు సంస్థానం ఆంగ్లేయుల వశమైన తర్వాత రాజాదరణ పోయింది. ఇరవయ్యో శతాబ్దిలో బాలు భాగవతార్ వంటి స్థానిక కళాకారుల పట్టుదల, భరతనాట్య పునరుద్ధరణకు కృషి చేసిన ఇ. కృష్ణయ్యర్ (1897-1968) ప్రోత్సాహం ఈ సంప్రదాయానికి కొత్త బలాన్ని ఇచ్చాయి. నేడు మేలట్టూరులో రెండు బృందాలు ఈ నాటకాలను ప్రదర్శిస్తున్నాయి. శాలియమంగళం మొదలైన సమీప గ్రామాలలో కూడా భాగవతమేళ సంప్రదాయం ఉంది.

3. స్థలం, కాలం: నాటక నిర్మాణంలో వాటి పాత్ర

మేలట్టూరులో రంగస్థలాన్ని వరదరాజ పెరుమాళ్ ఆలయానికి ఎదురుగా వీధిలో నిర్మిస్తారు. స్వామి ఆ ప్రదర్శనకు మొదటి ప్రేక్షకుడు. గ్రామస్థులు, పొరుగూళ్ళవారు, నగరాల నుంచి వచ్చిన రసికులు వీధిలో కూర్చుని చూస్తారు. రాత్రి భోజనాల తర్వాత మొదలైన ప్రదర్శన తెల్లవారుజాము దాకా సాగుతుంది.

ఈ ఏర్పాటు నటనను నేరుగా ప్రభావితం చేస్తుంది. సాధారణ రంగస్థలంపై నటుడు తోటి పాత్రను, ప్రేక్షకులను ఉద్దేశించి నటిస్తాడు. ఇక్కడ మూడో గమ్యం ఒకటి ఉంది. ప్రహ్లాదుడు హరిని ప్రార్థించినప్పుడు ఆ ప్రార్థన ఊహలోని దేవుణ్ణి ఉద్దేశించింది కాదు. ఎదురుగా ఆలయం ఉంది. హిరణ్యకశిపుడు హరిని దూషించినప్పుడు కూడా ఆ దూషణ అదే దిశగా వెళుతుంది. భక్తుడైన నటుడు తన ఇష్టదైవం ముందు నిలబడి ఆ దైవాన్నే నిందించవలసి రావడం వల్ల హిరణ్యకశిపుని పాత్రకు గ్రంథంలో కనిపించని బరువు వస్తుంది. ఈ పాత్రను పోషించడం సేవగా భావించడంలోని ఔచిత్యం ఇదే.

ప్రదర్శన క్రమంలో ముందుగా కోణంగి వస్తాడు. పొడవైన టోపీతో, హాస్యచేష్టలతో సభను ఆకట్టుకొని కూర్చోబెడతాడు. తోడయ మంగళం తర్వాత గణపతి వేషంలో ఒక బాలుడు వచ్చి నర్తిస్తాడు. ఆ వేషంతో గ్రామంలోని బాలురు రంగప్రవేశం చేయడం ఆనవాయితీ. ఆ తర్వాత కటికవాడు రాజు రాకను ప్రకటిస్తాడు. ప్రతి ముఖ్యపాత్రా ప్రవేశ దరువుతో తన స్వభావాన్ని పరిచయం చేసుకొంటుంది. కథకు వచ్చేసరికి చాలా సమయం గడుస్తుంది. గ్రంథంగా చదివేటప్పుడు ఈ పూర్వరంగం అనవసర విస్తరణగా తోచవచ్చు. ప్రదర్శనలో దాని ప్రయోజనం వేరు. తెల్లవార్లూ మేలుకొని ఉండవలసిన సభ లయకు ఈ పూర్వరంగమే అలవాటు చేస్తుంది. పాత్రలు ఆలస్యంగా వస్తాయన్న ఫిర్యాదు రెండు గంటల నాటకానికి చెల్లుతుంది కాని, రాత్రంతా సాగే నాటకానికి చెల్లదు.

4. ప్రహ్లాద చరిత్రము: పాత్రల సంఘర్షణ

నృసింహ జయంతినాటి ప్రదర్శన 'ప్రహ్లాద చరిత్రము'. కథ పోతన భాగవతం సప్తమ స్కంధం ద్వారా తెలుగువారికి సుపరిచితం. అయితే పోతనలో సంఘర్షణ తండ్రీకొడుకుల మధ్యది. తల్లి ప్రసక్తి ప్రధానంగా నారదాశ్రమ వృత్తాంతంలో వస్తుంది. మేలట్టూరు నాటకంలో లీలావతి ప్రధాన పాత్ర. భర్త ఆజ్ఞకూ బిడ్డ మీది మమకారానికీ మధ్య ఆమె నలిగిపోవడం నాటకంలో కరుణరసానికి ఆధారం.

ఈ మార్పు వల్ల నాటకానికి రెండు ప్రయోజనాలు కలిగాయి. మొదటిది, సిద్ధాంత వివాదంగా ఉన్న కథ కుటుంబ కథ అయింది. హరి ఉన్నాడా లేడా అన్న ప్రశ్నకు ప్రహ్లాదుని వద్దా, హిరణ్యకశిపుని వద్దా జవాబు సిద్ధంగా ఉంది. లీలావతికి ఆ నిశ్చయం లేదు. ప్రేక్షకుడు తనను తాను పోల్చుకోగల పాత్ర ఆమెదే. రెండవది, ప్రహ్లాదుని సహనానికి ఒక మూల్యం ఏర్పడింది. తన భక్తి వల్ల తల్లికి కలిగే దుఃఖాన్ని అతడు చూడవలసి వస్తుంది. ఈ సన్నివేశాలలో సంవాద దరువులు, పద్యాలు నిదానంగా సాగుతాయి. ఒకే భావాన్ని పల్లవిలో మళ్ళీ మళ్ళీ పలికి, అభినయంతో కొత్త ఛాయలు చూపడానికి ఆ విలంబం అవకాశమిస్తుంది. లీలావతి వేషం పురుషుడు కట్టడం ఈ సంప్రదాయ నియమం. స్త్రీ పాత్రాభినయంలో ఇక్కడి నటులు పొందిన ఖ్యాతికి ఈ పాత్ర ముఖ్య కారణం.

నాటకం పరాకాష్ఠ స్తంభోద్భవ ఘట్టం. నృసింహ ముఖాకృతిని గ్రామంలో పూజామూర్తిగా భావిస్తారు. దానిని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. నృసింహుడు వెలువడగానే రంగం మీద వాతావరణం మారిపోతుంది. ఆ నటునికి ఆవేశం కలుగుతుందన్న విశ్వాసంతో పక్కన మనుషులు నిలిచి అతణ్ణి పట్టుకొని ఉంటారు. హిరణ్యకశిపుణ్ణి అతనికి అందనీయరు. వధను అభినయించరు.

ఈ నిరోధాన్ని కొందరు కేవలం ఆచారంగా భావించవచ్చు. కాని ఇందులో నాటకశిల్పం కూడా ఉంది. రంగం మీద వధను చూపరాదన్నది సంస్కృత నాటక నియమం. మేలట్టూరులో ఆ నియమం నిజమైన భయం రూపం ధరించింది. సాధారణ నాటకంలో వధ జరగకపోవడానికి కారణం రచయిత. ఇక్కడ కారణం ఆ నటుని చేతులు పట్టుకొన్న మనుషులు. అప్పటిదాకా ఇది నటన అని ప్రేక్షకుడికి ఉన్న భరోసా ఆ కొద్ది నిమిషాలు సడలుతుంది. భయానక, అద్భుత రసాలకు ఇంతకంటె సమర్థమైన సన్నివేశ కల్పన తెలుగు యక్షగాన ప్రదర్శనలలో అరుదు. అయితే దీని బలం గ్రామ విశ్వాసం మీద ఆధారపడి ఉంది కనుక, మరొక చోట యథాతథంగా పునఃసృష్టించడం సాధ్యం కాదు.

5. త్యాగరాజు 'ప్రహ్లాద భక్తి విజయము'తో పోలిక

అదే కావేరీ తీరంలో, సమీప కాలంలో త్యాగరాజు 'ప్రహ్లాద భక్తి విజయము' రచించాడు. అందులో హిరణ్యకశిపుడు పాత్రగా కనిపించడు. స్తంభోద్భవం లేదు. నాగపాశబద్ధుడై సముద్రంలో పడిన ప్రహ్లాదునితో కథ నడుస్తుంది. సముద్రరాజు, నారదుడు, హరి ముఖ్యపాత్రలు. ప్రహ్లాదుని విరహం, ఆర్తి, సాక్షాత్కారానందం ఆ నాటకంలోని వస్తువు.

వేంకటరామశాస్త్రి బాహ్య సంఘర్షణను ఎంచుకొన్నాడు. త్యాగరాజు దానిని పూర్తిగా తొలగించి అంతరంగ సాధనను మిగిల్చాడు. సంగీత చరిత్రలో రెండోదానికి గొప్ప స్థానం దక్కింది. అందులోని కీర్తనలు కచేరీలలో విడివిడిగా నిలిచాయి. నాటకంగా మాత్రం దానికి మేలట్టూరు వంటి నిరంతర వార్షిక ప్రదర్శన పరంపర ఏర్పడలేదు. వేంకటరామశాస్త్రి విషయంలో ఇందుకు భిన్నంగా జరిగింది. ఆయన దరువులు కచేరీలో అంత ప్రచారం పొందలేదు కాని నాటకం మొత్తంగా బతికింది. కచేరీకి అందే గేయం, నాటకానికి అవసరమైన గేయం ఒకటి కావని ఈ రెండు రచనల చరిత్ర సూచిస్తుంది. దరువు విలువను అది ఏ పాత్ర నోట, ఏ సన్నివేశంలో వస్తుందన్నదాన్ని బట్టి నిర్ణయించాలి. సంగీత, సాహిత్య విమర్శలు రెండూ ఆ గేయాలను సన్నివేశం నుంచి విడదీసి చూసినందువల్లనే వేంకటరామశాస్త్రికి దక్కవలసిన స్థానం దక్కలేదు.

6. భాష: పాట నిలిచిన తీరు, మాట తగ్గిన తీరు

మేలట్టూరు ప్రేక్షకులలో అధిక సంఖ్యాకులు తమిళులు. వారికి తెలుగు వ్యవహార భాష కాదు. అయినా తెలుగు నాటకాన్ని తెల్లవార్లూ చూస్తారు. దీనికి మూడు కారణాలు చెప్పవచ్చు. కథ ముందుగా తెలిసి ఉండటం ఒకటి. హస్తాభినయం, ముఖాభినయం అర్థాన్ని అందించడం రెండు. మూడవది, కర్ణాటక సంగీతం ద్వారా వారి చెవికి తెలుగు పాటగా పరిచితమై ఉండటం.

ఈ మూడో కారణం గమనార్హం. తమిళ రసికునికి తెలుగు పాడే భాష. మాట్లాడే భాష కాదు. కనుక నాటకంలో దరువు అతనికి సులభంగా చేరుతుంది. వచన సంభాషణ చేరదు. యక్షగానంలో ద్విపద, కందార్థం, దరువు, చూర్ణిక, వచనం పరస్పరం ఆధారపడి ఉంటాయి. వచనం కథను ముందుకు నడుపుతుంది, దరువు ఒక క్షణాన్ని నిలిపి విస్తరిస్తుంది. వచనం అర్థం కాని చోట నాటకం ఒక దరువు నుంచి మరొక దరువుకు సాగే గేయమాలికగా మారే ప్రమాదం ఉంది. వాదప్రతివాదాలలోని ఎత్తిపొడుపులు, చమత్కారాలు, పదాల వెనుక దాగిన వ్యంగ్యం సభకు అందవు. హిరణ్యకశిపుని తర్కం అతని ఆగ్రహంగా మాత్రమే చేరుతుంది. గ్రంథంలో ఆలోచించే ప్రతినాయకుడు ప్రదర్శనలో కేవలం గర్జించే ప్రతినాయకుడు కావచ్చు.

ఈ నష్టానికి బాధ్యత నటులది కాదు. తమ చుట్టూ వినిపించని భాషలో తరతరాలుగా పాఠాన్ని కంఠస్థం చేసి కాపాడిన ఘనత వారిది. కాని కంఠస్థ పాఠంలో ఉచ్చారణ, పదవిభాగం మారడం సహజం. మహాప్రాణాలు, సరళ పరుషాల భేదం తమిళ లిపిలో లేవు. తెలుగు వినిపించని వాతావరణంలో ఈ భేదాలు మరుగున పడితే అర్థభేదం కలుగుతుంది. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలోని యక్షగాన ప్రతులను, కుటుంబాలలోని ప్రతులను, ప్రదర్శనలో వినిపించే పాఠాన్ని సరిపోల్చి శుద్ధ ప్రతులు సిద్ధం చేయడం తెలుగు పరిశోధకులు చేయవలసిన పని. ఆ పనిలో ప్రదర్శన పాఠాన్ని తప్పుల పట్టికగా చూడకూడదు. పాడటానికి అనువుగా మార్చిన మాటకూ, వినికిడి లోపం వల్ల మారిన మాటకూ భేదం గుర్తించాలి.

7. గ్రామ వీధి నుంచి సభావేదికకు

ఈ సంప్రదాయం నగర వేదికలకు కూడా చేరింది. రుక్మిణీదేవి అరుండేల్ మేలట్టూరు సంప్రదాయాన్ని ఆధారం చేసుకొని కళాక్షేత్రంలో ఉషా పరిణయం, రుక్మాంగద చరిత్రం, ధ్రువ చరిత్రం నృత్యనాటకాలుగా రూపొందించారు. వీటి వల్ల వేంకటరామశాస్త్రి పేరు గ్రామం దాటి వెళ్ళింది. నృత్యాంశానికి సౌష్ఠవం పెరిగింది. స్త్రీలు పాత్రలు ధరించారు.

కాలపరిమితి విషయంలో మాత్రం నష్టం తప్పలేదు. రాత్రంతా సాగే నాటకాన్ని రెండు మూడు గంటలకు కుదించినప్పుడు మొదట తొలగేవి వచనం, పునరుక్తి, పూర్వరంగం. నాటకం లయకు మూలాధారాలు కూడా అవే. లీలావతి దుఃఖం సూచనగా మిగులుతుంది. దానిని అనుభవించే వ్యవధి ఉండదు. అందువల్ల సభావేదిక ప్రదర్శనను మూలానికి ప్రతిబింబంగా భావించి విలువ కట్టడం సరికాదు. అది అదే వస్తువుతో చేసిన మరొక ప్రక్రియ. దాని ప్రమాణాలు దానికి ఉండాలి.

8. సంప్రదాయ పరిమితులు

మేలట్టూరు ప్రదర్శనలను కొనియాడే రచనలు ఒక ప్రశ్నను తరచు దాటవేస్తాయి. వేదిక మీద పాత్ర ధరించే అర్హత చారిత్రకంగా అగ్రహార పురుషులకు పరిమితమైంది. అదే ప్రాంతంలో నాట్యాన్ని వృత్తిగా కాపాడిన దేవదాసీ సముదాయం స్త్రీలకు ఇందులో స్థానం లేకపోయింది. ఇరవయ్యో శతాబ్దిలో వారి కళ నిందకు, నిషేధానికి గురైనప్పుడు భాగవతమేళానికి పవిత్రకళగా గౌరవం దక్కింది. రెండింటిలోనూ అభినయ పద్ధతులకు, సంగీతానికి ఉన్న సామీప్యాన్ని చూస్తే ఈ తేడా కళాపరమైనది కాదని, సామాజికమైనదని స్పష్టమవుతుంది.

కూచిపూడితో పోలిక ఇక్కడ ఉపయుక్తం. అది కూడా బ్రాహ్మణ పురుషుల సంప్రదాయంగా సాగింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన తర్వాతి దశాబ్దాలలో స్త్రీలు ఆ కళకు ప్రధాన ప్రతినిధులయ్యారు. కళ విస్తరించింది. అదే సమయంలో రాత్రంతా నడిచే కలాపాలు, భాగవతాలు వెనుకబడి, ఏకపాత్ర నృత్యాంశాలు ముందుకు వచ్చాయి. మేలట్టూరు విస్తరించలేదు, నాటక స్వరూపాన్ని నిలుపుకొంది. ఒకటి లోకాన్ని పొంది రూపాన్ని కొంత వదులుకోగా, మరొకటి రూపాన్ని కాపాడుకొని లోకాన్ని కొంత దూరం పెట్టింది. రూపరక్షణకు మినహాయింపులు లేని నియమాలే ఏకైక మార్గమని దీని నుంచి నిర్ధారించనవసరం లేదు. రాత్రి వ్యవధి, వీధి వేదిక, వచన దరువుల పొందిక నాటకానికి ప్రాణం. వేషధారి కులం, లింగం ఆ విధంగా నాటక నిర్మాణానికి అనివార్యమని గ్రంథం నుంచి గాని, అభినయ పద్ధతి నుంచి గాని నిరూపించడం కష్టం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. మేలట్టూరు నాటకాలలో ఆలయాభిముఖమైన వేదిక, రాత్రంతా సాగే వ్యవధి, వార్షిక పునరావృత్తి నాటక నిర్మాణంలో భాగాలు. వాటిని విడిచి గ్రంథాన్ని మాత్రమే పరిశీలించిన విమర్శ అసంపూర్ణం.

2. లీలావతి పాత్ర విస్తరణ, వధను నిరోధించే పరాకాష్ఠ 'ప్రహ్లాద చరిత్రము'ను సమర్థమైన నాటకంగా నిలిపాయి.

3. తెలుగు రాని ప్రేక్షకుల మధ్య పాట నిలిచింది, మాట బలహీనపడింది. ప్రదర్శన పాఠాల సేకరణ, పరిష్కరణ తక్షణావసరం.

4. సంప్రదాయంలో నాటకానికి అనివార్యమైన నియమాలనూ, సామాజిక కారణాల వల్ల వచ్చిన నియమాలనూ వేరుచేసి చూడాలి.

వేంకటరామశాస్త్రి నాటకాలను తమిళ గ్రామం కాపాడింది. అక్కడి నటులు ఏటా వైశాఖంలో తమ వంతు కర్తవ్యం నెరవేరుస్తున్నారు. ఆ నాటకాలలోని వచనానికి మళ్ళీ అర్థవంతమైన ఉచ్చారణ, శ్రోత, వ్యాఖ్యానం కల్పించే పని తెలుగు విశ్వవిద్యాలయ శాఖల పరిధిలోనిది. ప్రదర్శనలు సజీవంగా ఉన్న కాలంలోనే ఆ పని సాధ్యం. కంఠస్థ పాఠం తెలిసిన తరం గడిచిపోయిన తర్వాత మిగిలేది మళ్ళీ వ్రాతప్రతి మాత్రమే.